500 ప్రతులు, రెండు గదులు, ఒక పిల్లి: సొంతంగా పుస్తకం వేసేముందు ఏం చూసుకోవాలి? (చర్చ; విడి వరుసల్లో ఉన్నవి రాసినవారి మారుపేర్లు)

బాగ్‌లింగంపల్లి కథలు
కథల సంపుటి సొంతంగా వేస్తున్నాను. 1/8 డెమ్మీ (మామూలు కథల పుస్తకం) సైజులో 164 పేజీలు తేలింది. 500 కంటే తక్కువైతే గిట్టదని ప్రెస్సువాళ్లు అంటున్నారు. ఇల్లు రెండు గదులు. మూడేళ్ల మగపిల్లి ఉంది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. అట్టపెట్టె కనబడితే గోళ్లతో గీరుతుంది. పుస్తకాలు ఎక్కడ పెట్టాలి? కలరా ఉండలు వేసి కట్టేయమని ఇంట్లో అంటున్నారు. అసలు 500 వేయడం సబబేనా?

అచ్చుతప్పు
ముందు ఆ 164ను 160కి తెండి. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మడతలో వచ్చే 16 పేజీలు, 160కి సరిగ్గా 10 ఫారాలు. ఆ నాలుగు పేజీల కోసం విడిగా ప్లేటు, విడిగా మడత, ఖర్చు అనవసరంగా పెరుగుతుంది. ముందుమాటలు రెండుంటే ఒకటి తీసేయండి, కథలకు నష్టం లేదు.

ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో అచ్చువేసే పద్ధతిలో, ప్లేట్లు, మిషన్ సర్దుబాటు ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే. అందుకే 500 అంటారు, వాళ్ల లెక్క తప్పు కాదు. కానీ కాపీ ధర తగ్గిందని 500 వేసి 300 మంచం కింద మిగిలితే, అమ్మిన 200 మీదే మొత్తం భారం పడుతుంది. మొదటి పుస్తకమైతే 200 డిజిటల్‌లో (ప్లేట్లు అక్కర్లేని అచ్చు) వేయించి, అయిపోతే మళ్లీ వేయించండి.

లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం, 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అట్ట అనుకుంటే ఒక్కో పుస్తకం దాదాపు 190 గ్రాములు, మందం 8 మిల్లీమీటర్లు. 500 అంటే 95 కిలోలు, 50 చొప్పున 10 పెట్టెలు. మీ గదిలో ఆ పది పెట్టెల చోటును ముందే కొలిచి చూసుకోండి.

కాగితం నార (గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగే దిశ) పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలని ప్రెస్సులో గట్టిగా చెప్పండి. అడ్డంగా వస్తే పుస్తకం సరిగా తెరుచుకోదు, వానాకాలంలో అలలు తేలుతుంది. లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్ల దాకా ఉంచండి, మరీ తగ్గితే జిగురు బైండింగ్‌లో అక్షరాలు మడతలోకి పోతాయి.

ప్రూఫు వర్డ్ ఫైల్లో కాదు, ప్రెస్సుకు పంపే పీడీఎఫ్‌లోనే చదవాలి. పాత డీటీపీ అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు ర వత్తులు, క్ష తారుమారవుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి.

వేపాకు
కలరా ఉండలు వేయకండి. అందులోని నాఫ్తలీన్ పిల్లికి విషం. దాని కాలేయం ఇలాంటి పదార్థాలను మనలా విరిచి బయటికి పంపలేదు. ఉండ నాకక్కర్లేదు, మూసిన గదిలో ఆవిరి పీల్చినా ప్రమాదమే. కర్పూరం, ఫినాయిల్ కూడా అంతే. చెదల మందు కొట్టించాల్సి వస్తే అందులో పెర్మెత్రిన్ ఉందేమో అడగండి, అదీ పిల్లికి విషమే. ఉంటే వద్దనండి.

ఎండబెట్టిన వేపాకు గుడ్డ సంచిలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెకు రెండు చొప్పున చాలు. పెట్టెలు నేలకు ఆరంగుళాల ఎత్తులో, గోడకు నాలుగంగుళాల దూరంలో ఉండాలి. చెద ఎక్కువగా గోడ పట్టుకునే వస్తుంది.

గోళ్ల కంటే పెద్ద బెడద మూత్రం. ఆపరేషన్ కాని మగపిల్లి కొత్త వాసన రాగానే తన గుర్తు వేస్తుంది, ప్రెస్సు నుంచి వచ్చిన పెట్టె దానికి కొత్త వాసనల మూట. కాగితంలోకి ఇంకితే ఆ పుస్తకాలు పోయినట్టే. కాబట్టి పుస్తకాలు రాకముందే ఆపరేషన్ చేయించండి. హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, అందుకని ఓ రెండు నెలల ముందే మేలు. అలవాటు ముదిరితే కొన్నిటికి ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా పోదు. అట్టపెట్టెలు వదిలి మూతున్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి, తేమ కూడా చేరదు. దానికి గీరుకోవడానికి కొబ్బరితాడు చుట్టిన స్తంభం, పడుకోవడానికి ఓ ఖాళీ అట్టపెట్టె ఆ డబ్బాలకు దూరంగా ఇవ్వండి. తన పెట్టె ఉంటే మీ పెట్టెల జోలికి అంతగా రాదు.

సుల్తాన్ బజార్ పాఠకుడు
ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) డబ్బు కట్టకండి. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికి, మా శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి కూడా ఇవ్వండి. భాషా నిలయం 1901 నుంచి ఉన్న గ్రంథాలయం, అక్కడ చేరిన పుస్తకం ఎవరో ఒకరి చేతికి వెళ్తుంది.

ఆవిష్కరణ సభలో మాత్రం ఉచితంగా పంచకండి. మన దగ్గర రచయిత ప్రతి ఇవ్వడం మర్యాద అయిపోయింది, కొనడం మొహమాటమైంది. పుస్తకం వెల ఉన్న వస్తువని మొదట రచయితే నమ్మాలి. బల్ల మీద పెట్టి ధర రాయండి.

దుకాణాలకు 35, 40 శాతం కమిషన్ పోతుంది. ఒక్కోచోట పది చొప్పున ఇచ్చి రసీదు తీసుకోండి, మూడు నెలలకోసారి లెక్క అడగండి. పోస్టులో పంపాలంటే తపాలా శాఖ పుస్తకాల సేవ జ్ఞాన్ పోస్ట్ 300 గ్రాముల దాకా ₹20, పన్ను అదనం; మీ పుస్తకానికి వర్తిస్తుందో లేదో ముందే పోస్టాఫీసులో అడగండి. పుస్తకం మీద అచ్చువేసిన ప్రెస్సు లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి. మీ 190 గ్రాములకు అట్ట చుట్టినా ఆ హద్దులోనే ఉంటుంది.

బాగ్‌లింగంపల్లి కథలు
చాలా థాంక్సండీ. ఓ ముందుమాట తీసేశాను, 160 అయింది. 200 డిజిటల్‌కే వెళ్తున్నాను. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకు పుస్తకాలు తెచ్చుకోవచ్చు?

వేపాకు
కనీసం ఆరు వారాలు ఆగండి. ఆలోగా ఖాళీ డబ్బాలు ఇప్పుడే తెచ్చి వాటి చోట పెట్టేయండి. పుస్తకాలు వచ్చేనాటికి ఆ డబ్బాలు దానికి కొత్తవి కాకూడదు.