మెల్‌బోర్న్‌కి పోస్ట్‌డాక్‌గా వస్తున్నా: ఇల్లు టార్నీట్‌లోనా, పార్క్‌విల్ దగ్గరా?

శ్రావణి (హైదరాబాద్): నమస్కారం. పీహెచ్‌డీ అయింది, సెప్టెంబరులో పార్క్‌విల్‌లో ఒక ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ల్యాబ్‌లో చేరుతున్నాను. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో, రోగాలతో పోరాడే టి కణాలు ఎలా తయారవుతాయన్నది నా పని. తెలుగువాళ్ల మధ్యే ఉండమని అమ్మ పట్టు. వాళ్లుండే టార్నీట్ శివారు నుంచి రోజూ వెళ్లిరావడం కష్టమా?

రమణ (టార్నీట్): హాయిగా వచ్చెయ్యమ్మా. రైలెక్కి ఫుట్‌స్క్రేలో మారితే సొరంగం లైన్‌లో నేరుగా పార్క్‌విల్ స్టేషన్. ఇంటి విషయంలో మాత్రం కండిషన్ రిపోర్ట్, అంటే దిగేటప్పుడు ఇల్లు ఎలా ఉందో రాసే కాగితం, జాగ్రత్త. మా మొదటి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, ఓవెన్ అడుగున మాడిన మరక ఉందని ఏజెంటు బాండ్‌లోంచి (మనం కట్టిన అడ్వాన్సులోంచి) 420 డాలర్లు కోస్తానన్నాడు. మా ఆవిడ ఆ ఓవెన్ ఒక్కనాడు వెలిగించలేదు, అందులో మూకుళ్లు, పెనాలు సర్దుకునేది. కానీ రిపోర్టులో ‘ఓవెన్ శుభ్రం’ అన్నచోట నేనే చూడకుండా సంతకం పెట్టాను. రెండు నెలలు ఈమెయిళ్లు. వీక్యాట్‌కి (అద్దె తగాదాలు తీర్చే ట్రిబ్యునల్‌కి) వెళ్తానంటే వెళ్లమన్నాడు. చివరికి దిగిన రోజు పాలు పొంగించిన ఫోటో దొరికింది. పొయ్యి మీద గిన్నె, కింద ఓవెన్ తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఆ మరకే! పంపిన మర్నాడు డబ్బంతా వచ్చింది. దిగాక 5 పనిదినాల్లో రిపోర్టు నింపి ఇచ్చెయ్యాలి. బాండ్ ఏజెంటు దగ్గర ఉండదు, ప్రభుత్వ బాండ్ అథారిటీ దగ్గర ఉంటుంది. బెదిరిస్తే బెదరకు.

లక్ష్మి (బ్రన్స్‌విక్): రమణగారూ, ఆ అమ్మాయి ఓవెన్ గురించి అడగలేదు. శ్రావణీ, ఏడేళ్లు ఎలుకల థైమస్‌లతోనే నా కాపురం. టార్నీట్ వద్దు. పిండం థైమస్ కావాలంటే జత కలిపిన మర్నాడు పొద్దున్నే ఆడ ఎలుకలో ప్లగ్ (జత కలిసిందనడానికి గుర్తుగా మిగిలే గడ్డ) చూడాలి. ఆలస్యమైతే అది రాలిపోతుంది, గర్భం ఎన్నోరోజో లెక్క తప్పుతుంది. ఆదివారమైనా, సంక్రాంతైనా అంతే. ఇక కణాల్ని రకాలవారీగా వేరుచేసే సార్టర్ యంత్రం మీద స్లాట్ కొత్తవాళ్లకి దొరికేది సాయంత్రం ఆరు తర్వాతే. సిడి4, సిడి8 అనే గుర్తులు రెండూ ఇంకా లేని పసి కణాలు పెద్ద ఎలుక థైమస్‌లో నూటికి అయిదు కూడా ఉండవు. అవి చాలినన్ని పోగయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. నేను చివరి రైలు తప్పిపోయి ల్యాబ్ కుర్చీలో పడుకున్న రాత్రులున్నాయి. పార్క్‌విల్ పక్కనే ఉన్న బ్రన్స్‌విక్‌లో ఉంటే 19వ నంబర్ ట్రామ్ ఎక్కితే చాలు.

సుబ్బారావు (బాక్స్ హిల్, 1994 నుంచి): తల్లీ, ఎంత గొప్ప చోటికి వస్తున్నావో! థైమస్ పనేమిటో కనిపెట్టిందే పార్క్‌విల్‌లో. జాక్ మిల్లర్, 1961.

లక్ష్మి: బాబాయిగారూ, 1961లో ఆయన లండన్‌లో ఉన్నారు. ఎలుకల లుకేమియా మీద పనిచేస్తూ, పుట్టగానే థైమస్ తీసేసిన ఎలుక పిల్లలు చిక్కిపోవడం, వాటిలో లింఫోసైట్లు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) తగ్గిపోవడం చూశారు. వాటికి పరాయి చర్మం అతికిస్తే తోసిపుచ్చలేదు కూడా. పార్క్‌విల్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది 1966లో. యాంటీబాడీలు చేసేవి ఎముక మజ్జ నుంచి వచ్చిన కణాలని, థైమస్ కణాలు వాటికి సాయపడతాయని గ్రాహం మిచెల్‌తో కలిసి 1968లో చూపించింది మాత్రం ఇక్కడే.

సుబ్బారావు: అదే నేననేది. అసలు సంగతి తేలింది ఇక్కడ. లండన్‌లో సగమే.

లక్ష్మి: సగమా! ఆ సగం లేకపోతే టి కణానికి ఆ ‘టి’, అంటే థైమస్, ఎక్కడిదండీ?

కిరణ్ (క్లేటన్): మీరిద్దరూ 1961లోనే ఉండండి. శ్రావణిగారూ, ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది. ముందు మీ బాస్‌కి మెయిల్ పెట్టి ఒక్క మాట అడగండి: నా ప్రాజెక్ట్ ఎలుకలు బోనుల్లో ఉన్నాయా, ఇంకా పిండాలుగానో వీర్యంగానో ఫ్రీజర్‌లోనే ఉన్నాయా? నేను అడగలేదు. గర్భం మూడు వారాలు, పాలు మాన్పించడానికి మూడు, ఈడుకి రావడానికి ఇంకో మూడు నాలుగు. ఒక్కో తరానికి రెండున్నర నెలలు. రెండు జీన్లు లేని ఎలుక కోసం సంబంధాలు కలుపుతూ కూర్చుంటే ఏడాదిన్నర గడిచింది, చేతిలో ఒక్క గ్రాఫ్ లేదు. వైద్య పరిశోధనకి ప్రభుత్వం తరఫున డబ్బిచ్చే ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీ వాళ్ల ఇన్వెస్టిగేటర్ గ్రాంట్ మొదటి మెట్టుకి పీహెచ్‌డీ పాసైన తేదీ నుంచి అయిదేళ్లే గడువు. ప్రసూతి సెలవు లాంటివి మినహాయిస్తారు, ఎలుకలు ఈనలేదంటే మినహాయించరు.

రమణ: గ్రాంట్‌కి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉండాలి కిరణ్. మా బామ్మర్దిని పీఆర్ లేదనే వద్దన్నారు.

కిరణ్: మీ బామ్మర్ది వెళ్లింది రక్షణ శాఖ ఉద్యోగానికి అన్నా. దీనికి పనిచేసే వీసా ఉంటే సరిపోతుంది.

శ్రావణి: అందరికీ థాంక్స్. కిరణ్‌గారూ, మెయిల్ పెట్టాను. నాకు కావలసిన ఎలుకల్లో ఒక జాతి బోనుల్లో ఉందట, రెండోది ఫ్రీజర్‌లోనేనట. నేను వచ్చేలోపు బయటికి తీయించమని అడిగాను, సరేనన్నారు. లక్ష్మిగారూ, బ్రన్స్‌విక్‌లో ఒక గది చాలు నాకు, మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి, అమ్మకి చెప్పాలి.