వినైల్ స్టికరు వెనక కాగితంపై అచ్చు వేయవచ్చా?

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో మాకు చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. ఎకో సాల్వెంట్ (ఘాటు తక్కువ ద్రావకం కలిసిన సిరా) రోల్ మెషీను, స్టికర్లను ఆకారం వెంట కోసే కటింగ్ ప్లాటరు మా దగ్గర ఉన్నాయి. మందు కొట్టే స్ప్రేయర్లు తయారుచేసే ఒక పార్టీ, ట్యాంకులకు అతికించే వినైల్ (ప్లాస్టిక్ పొర) స్టికర్ల వెనక, అంటే ఊడదీసి పారేసే కాగితం మీద, అతికించే పద్ధతిని తెలుగులో ఒకే రంగులో అచ్చువేసి ఇమ్మని అడుగుతున్నారు. ముందువైపు నాలుగు రంగుల ప్రింటు, దానిపై లామినేషను, ఆపైన హాఫ్ కట్ (వెనక కాగితం తెగకుండా స్టికరును మాత్రమే కోయడం), చివరికి విడివిడిగా ఫుల్ కట్ చేసి ఇవ్వాలి. ఆ రోల్‌నే తిరగేసి మెషీనుకు ఎక్కించి వెనకవైపు ప్రింటు తీయవచ్చునా? స్టికరు ఊడదీశాక కనిపించే లోపలి నున్నని వైపున తమ గుర్తు కూడా ఉంటే బాగుంటుందని వారి కోరిక. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నల్లసిరా:
లోపలి వైపు సంగతి ముందే తేల్చేద్దాం, అది కుదరదు. ఆ నునుపు సిలికాన్ పూత వల్ల వచ్చింది. జిగురు గట్టిగా పట్టుకోకుండా ఉండేందుకే ఆ పూత వేస్తారు కాబట్టి అది సిరానూ పట్టనివ్వదు. దాని ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తనపై పరుచుకోనిచ్చే గుణం, సెంటీమీటరుకు సుమారు 22 డైన్లే (డైను దాని కొలమానం) కావడంతో సిరా పరుచుకోక బొట్లు బొట్లుగా విడిపోతుంది. ఒకవేళ ఎలాగో నిలిచినా, స్టికరు ఊడదీసేటప్పుడు ఆ అచ్చు జిగురుకు అంటుకుని ట్యాంకు మీదికి చేరుతుంది.

ఇక బయటి వైపు విషయం మీరు కొనే వినైల్ ఏ కాగితంతో వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక మూలను చింపి, చిరిగిన అంచును దగ్గరగా చూడండి. పీచు మాత్రమే కనిపిస్తే మామూలు కాగితం. పీచు చివర పలుచని ప్లాస్టిక్ పొర సాగుతూ కనిపిస్తే దానికి పాలిథీన్ పూత ఉన్నట్టే. ఆ పూత వెనకవైపున ఉందో లేదో తెలియాలంటే ఒక నీటిబొట్టు వేసి చూడండి. ఉత్త కాగితమైతే కాసేపటికి నీరు ఇంకి మచ్చ పడుతుంది, పూత ఉంటే బొట్టు అలాగే నిలుస్తుంది. పాలిథీన్ ఉపరితల శక్తి సుమారు 31 డైన్లు. కరోనా ట్రీట్‌మెంటుతో (ఉపరితలానికి హై వోల్టేజి కరెంటు తగిలించే పద్ధతి) దాన్ని 38 దాకా పెంచితే తప్ప సిరా నమ్మకంగా అంటదు. మీ ఎకో సాల్వెంట్ సిరా దానిలోకి ఇంకదు, గోటితో గీస్తే లేచివస్తుంది.

ఉత్త కాగితమే అయినా రోల్ తిరగేయడాన్ని నేను సమర్థించను. మీడియాను, అంటే మెషీనుకు ఎక్కించిన రోల్‌ను, కింది నుంచి లాగే గరుకు రోలరు అప్పుడు ప్రింటు వైపును కొరుకుతుంది, ఆ పళ్ళ గుర్తులు వరుసగా పడిపోతాయి. హీటరు వేడికి కాగితంలోని తేమ పోయి కాగితం ముడుచుకుంటుంది గాని వినైల్ ఆ మేరకు ముడుచుకోదు. దాంతో అంచులు లేచి, సిరా చిమ్మే హెడ్డుకు తగిలే ప్రమాదం ఉంది. వానాకాలంలో మన కోస్తా గాలికి అదే కాగితం మళ్ళీ తేమ పీల్చి సాగితే, వినైల్ కింద సొరంగాల్లాంటి ఉబ్బులు కనిపిస్తాయి. అన్నిటినీ మించి, రోల్ చుట్టినప్పుడు వెనకవైపు వచ్చి తాకేది తర్వాతి చుట్టు ముఖాన్నే. పూర్తిగా ఆరని సాల్వెంట్ ఆ ముఖం మీద మరక దించుతుంది.

లేబుల్ పనివాడు:
నల్లసిరా గారు చెప్పినది సబబే. వినైల్ వెనక కంపెనీ పేరు ఐమూలగా, రోల్ పొడవునా మళ్ళీ మళ్ళీ అచ్చై ఉండటం మీరు చూసే ఉంటారు. అది వినైల్ తయారుచేసే చోటే వేసే అచ్చు. అలా వరుసగా వేస్తే ముందు బొమ్మకు, వెనక రాతకు పొంతన చూసే పనే ఉండదు. లేబుల్ ప్రెస్సుల్లో టర్న్ బార్ (తిప్పే కడ్డీ) అమర్చి, వెబ్‌ను, అంటే ప్రెస్సులో సాగే పొడవాటి రోల్ పట్టీని, తిప్పి వెనకవైపు కూడా అదే దారిలో అచ్చువేస్తారు గాని, ఆ ఏర్పాటు పెద్ద ఆర్డర్లకే గిట్టుబాటవుతుంది.

మీరూ వరుస పద్ధతినే తీసుకోండి. స్టికరు ఎక్కడ కోసినా కనీసం ఒక్క రాత పూర్తిగా దక్కాలంటే, రాత కొలత, పక్క ఎడంతో కలిపి, స్టికరు కొలతలో సగం మించకూడదు. 200 మిల్లీమీటర్ల వెడల్పు స్టికరుకు 100 మిల్లీమీటర్లకు ఒక రాత చొప్పున వేయాలి. ఎత్తుకూ ఇదే లెక్క.

కృష్ణాతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. చింపి చూశాను, ఉత్త కాగితమే. నీరు కూడా ఇంకింది. మెషీను వద్దనుకుంటే స్క్రీన్ ప్రింటింగ్ చేయించవచ్చునా? అలాగైతే ఏ పని ముందు, ఏది తర్వాత?

నల్లసిరా:
ఒక రంగు రాతకు స్క్రీనే సరైన దారి. ముందువైపు ప్రింటు తీసి కనీసం ఒక రోజు ఆరనివ్వండి, లేదంటే సాల్వెంట్ లామినేషను కింద చిక్కుకుని జిగురును మెత్తబరుస్తుంది. లామినేషను అయ్యాక షీట్లుగా కోసి వెనకవైపు స్క్రీన్ వేయించండి, ఆ తర్వాతే ప్లాటరుకు ఎక్కించి హాఫ్ కట్ చేయండి. హాఫ్ కట్ ముందే అయిపోతే స్క్వీజీ (స్క్రీన్‌పై సిరాను ఒత్తి లాగే రబ్బరు పట్టీ) ఒత్తిడికి కోసిన అంచులు కదులుతాయి. స్క్రీన్ వేసిన షీట్లను వేడి డ్రైయరులో పెట్టకుండా, రాక్‌లో ఒకదానికొకటి తగలకుండా గాలికే ఆరబెట్టించండి. తడి ఆరకముందు దొంతిగా పేర్చవద్దు.

తెలుగు రాత విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పూత లేని కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది కాబట్టి, చిన్న అక్షరాల్లో 'క్ష్మి', 'స్త్రీ' లాంటి చోట్ల ఒత్తులు మూసుకుపోతాయి. పది పాయింట్లకు తగ్గకుండా, సన్నని గీతల ఫాంటు కాకుండా చూసుకోండి. ఇంకొక మాట: మందు పిచికారీ జాగ్రత్తలు కూడా ఆ వెనక కాగితం మీదే వేయమని వారు అడిగితే మాత్రం ఒప్పుకోకండి. స్టికరు అతికించిన మరుక్షణం ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, స్ప్రేయరు కొన్న రైతు దాన్ని చూడడు. ఆ రాత ముఖం మీదే ఉండాలి.