బెంగళూరులో సర్జాపూర్ వైపు ముంపు: తప్పు వానదా, పల్లంలో కొన్నవాళ్ళదా?

కడప_రమణ: నిన్న ముప్పావు గంట వానకే మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. సంపులో డ్రైనేజీ కలిసి నల్లగా తేలుతోంది. అపార్ట్‌మెంట్ల గ్రూపులో ఒకరు "రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) పక్కన కొంటే అంతే" అన్నారు. మీరేమంటారు?

అనంత_సుధాకర్: ఇది క్లౌడ్‌బరస్ట్ అండి. ఎవరేం చేస్తారు? 2022 సెప్టెంబరులో 131 మి.మీ. పడితే సర్జాపూర్ రోడ్డు విల్లాల వాళ్ళనే ట్రాక్టర్లు, పడవలు ఎక్కించారు.

పద్మజ_బెళ్ళందూరు: సుధాకర్ గారూ, క్లౌడ్‌బరస్ట్ అంటే గంటలో 100 మి.మీ. మీరు చెప్పిన 131 మొత్తం 24 గంటల లెక్క.

అనంత_సుధాకర్: అయితే ఆ 131 రోజంతా నింపాదిగా పడిందా? రాత్రికి రాత్రే కుమ్మేసింది.

బాబు_మారతహళ్ళి: కరెంటు ఎవరికైనా వచ్చిందా?

పద్మజ_బెళ్ళందూరు: పేరు ఏదైనా పెట్టండి, నీళ్ళు వచ్చే దారి చూడండి. బెంగళూరు గట్టు మీద ఊరు, దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ పడ్డ వాన వృషభావతి, హెబ్బాళ, కోరమంగల-చల్లఘట్ట లోయల్లోకి జారిపోతుంది. గోదావరికి వరదొస్తుంటే భద్రాచలం వాళ్ళకు ముందే తెలుస్తుంది. ఇక్కడ పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ. వాన మొదలైన అరగంటకే కాలువ నిండుతుంది. పూర్వం గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది దానికి నీళ్ళు. ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉన్నదే ధర్మాంబుధి చెరువులో. మట్టి ఉన్నచోటల్లా కాంక్రీటు. 30×40 అడుగుల సైటు మీద 50 మి.మీ. పడితే 5,500 లీటర్లు, ఒక చిన్న ట్యాంకరు లోడు. ఇంకే చోటు లేకపోతే అదంతా రోడ్డుకే.

శిరీష_జేపీనగర్: కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ గుర్తుందా? 2023 మేలో కారులో మునిగి మన తెలుగమ్మాయి చనిపోయింది. ఆ పిల్లేమన్నా కాలువ పక్కన ఇల్లు కొన్నదా?

అనంత_సుధాకర్: కాలువ కబ్జాలంటూ మా బావమరిది గోడ కూల్చారు. ప్లాన్, ఖాతా (కార్పొరేషన్ ఆస్తి పత్రం), ఈసీ అన్నీ ఉన్నాయి. పక్కనే ఉన్న పెద్ద కట్టడాన్ని మాత్రం ముట్టుకోలేదు. అందుకే ఈ కబ్జా మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

కడప_రమణ: మీ బావమరిదికి జరిగింది అన్యాయమే. కానీ అన్నా, మీరుండేది మాకు పైన గుట్ట మీది అపార్ట్‌మెంట్లోనే కదా? నిన్న మీ సెల్లార్ నీళ్ళు మోటారు పెట్టి రోడ్డు మీదికి తోడారు. ఆ పైపు మూతి మా వీధి వైపే ఉంది. నేను గొడుగేసుకుని నిలబడి చూశాను.

అనంత_సుధాకర్: మరి మా కార్లు మునగాలా? నెలనెలా మెయింటెనెన్స్ ఊరికే కడుతున్నామా?

పద్మజ_బెళ్ళందూరు: ఇదిగో, అసలు గొడవ ఇది. వాన గురించి కాదు, ఎవరి నీళ్ళు ఎవరు ఆపుకోవాలన్నది. 30×40లో కొత్తగా కట్టే ఇంటికి కూడా వాననీటి సేకరణ తప్పనిసరని 2009లోనే రూలు వచ్చింది. మీ అపార్ట్‌మెంట్లో ఇంకుడు గుంతలు పని చేస్తున్నాయా?

అనంత_సుధాకర్: ముంపు మాకు లేదు. ఆ ఖర్చు మేమెందుకు పెట్టాలి? కాలువలు వెడల్పు చెయ్యాల్సింది కార్పొరేషన్.

కడప_రమణ: ఆ నీళ్ళు మీవి కాబట్టి పెట్టాలి! కాలువ ఎంత వెడల్పు చేసినా మీ మోటారు నీళ్ళు ముందు మా గుమ్మం దాటాకే అందులో పడతాయి. ఆదివారం మీ అసోసియేషన్ మీటింగుకు వస్తున్నా. ఫోటోలు తెస్తా.

అనంత_సుధాకర్: రండి. పల్లంలో సైటు కొన్న కాగితాలు కూడా తెచ్చుకోండి.