అప్‌డేట్: పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక ఆగిన దుబాయ్ టూర్, చివరికి వెళ్లొచ్చాం

చిన్నప్పటి స్నేహితురాలితో దుబాయ్ చూడాలనుకుంటే, ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని టూరిస్ట్ వీసా ఆగిపోయింది, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించుకోమని, అంటే వివరాలు మార్చి కొత్తది తీసుకోమని, ఇక్కడ చెప్పిన అక్క మాటే పనికొచ్చింది. 2022 నవంబరు నుంచి ఒంటి పేరు పాస్‌పోర్టుతో యూఏఈ టూరిస్టులను రానివ్వడం లేదట. ముందు ఆధార్‌లో ఇంటిపేరు సరిచేయించి, తర్వాత తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో వివరాల మార్పు కింద 1,500 రూపాయలు కట్టి దరఖాస్తు ఇచ్చాం. బ్యాంకు స్టేట్‌మెంట్, హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ అని మేం పడ్డ టెన్షనంతా అనవసరం. చిక్కు అక్కడ లేనే లేదు.

ఎదురుచూసే రోజుల్లో తలకోన వెళ్లాం. 270 అడుగుల పైనుంచి పడే నీళ్ల తుంపర ముఖానికి కొడుతుంటే, అన్ని రోజుల తర్వాత ఆమె మనసారా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పోయిన నెల దుబాయ్ చూసొచ్చాం. బుర్జ్ ఖలీఫా బాగుంది కానీ, ఒక్క దిర్హమ్‌కి క్రీక్ (ఊరి మధ్యకి వచ్చే సముద్రపు పాయ) దాటించే అబ్రా పడవ మాకు ఇంకా నచ్చింది. రెండుసార్లు ఎక్కాం.

మీ పాస్‌పోర్టులోనూ ఆ గడి ఖాళీగా ఉంటే టికెట్లు కొనకముందే మార్పించుకోండి.