పవర్ సేవర్ పెట్టె పెడితే ఇంటి కరెంటు బిల్లు తగ్గుతుందా?
మాది పర్లాకిమిడి. సంతలో ఒకాయన పవర్ సేవర్ అని చిన్న పెట్టె అమ్ముతున్నాడు. ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు మూడోవంతు తగ్గుతుందట! మోటారు వైరుకి క్లాంప్ మీటరు తగిలించి ఆంపియర్లు తగ్గడం కూడా చూపించాడు. అది చూసినప్పటి నుంచి మా చిన్నాన్న కొందామని ఒకటే పట్టు.

నాకు తెలిసి ఆ పెట్టెలో ఉండేది కెపాసిటరే (ఛార్జ్ దాచుకుని తిరిగిచ్చే చిన్న భాగం). అది పవర్ ఫ్యాక్టర్‌ని, అంటే లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతుని పెంచుతుంది. పవర్ ఫ్యాక్టర్ పెరిగితే ఆంపియర్లు తగ్గే మాట నిజమే. కానీ ఇంటి మీటరు లెక్కపెట్టేది ఆంపియర్లని కాదు కదా, కిలోవాట్ అవర్లని, అంటే నిజంగా వాడిన యూనిట్లని. ఫ్యాక్టరీలకైతే కేవీఏహెచ్ (పనికి వాడింది కాక, వోల్టులు, ఆంపియర్ల గుణకారంతో వేసే) లెక్కనో, పవర్ ఫ్యాక్టర్ జరిమానానో ఉంటుంది కాబట్టి వాళ్లకు గిట్టుబాటు.

నేను వేసుకున్న లెక్క ఇది: మోటారు 1000 వాట్లు, 230 వోల్టులు తీసుకుంటుంది అనుకుందాం. పవర్ ఫ్యాక్టర్ 0.7 అయితే సుమారు 6.2 ఆంపియర్లు, 0.95కి పెంచితే 4.6. వైరింగ్ నిరోధం అర ఓమ్ అనుకున్నా, వైర్లలో వేడిగా పోయేది 19 వాట్ల నుంచి 11కి తగ్గుతుంది. అంటే మిగిలేది ఒక శాతం కూడా లేదు. అదీ మోటారు తిరిగినంతసేపే.

లెక్కలో తప్పుంటే చెప్పండి. ఇంకో సందేహం. సాయంత్రాలు మాకు వోల్టేజీ బాగా పడిపోతుంది, మోటారు మూలుగుతుంది. బిల్లు సంగతి పక్కనపెట్టి, మోటారు దగ్గరే సరైన కెపాసిటర్ వేయిస్తే అందులో ఏమైనా తేడా కనిపిస్తుందా? మోటారు ఆపేశాక పెట్టె ప్లగ్గులోనే ఉండిపోతే నష్టమేమైనా ఉందా? ఎలక్ట్రీషియన్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చిన్నాన్నకి చూపిస్తాను. నా మాట ఆయన వినరు.