ఇర్వింగ్‌కి వస్తున్న గుంటూరు తమ్ముడికి: గ్యాస్, పన్ను, టోల్ లెక్క

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి)
అందరికీ నమస్కారమండీ. వచ్చే నెల, అంటే నవంబరులో, అమెరికాలో డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. తెలుగువాళ్లు ఎక్కువని ఫ్రిస్కోలో ఇల్లు చూస్తున్నాం. గ్యాస్ (అక్కడ పెట్రోలుని అలాగే అంటారట) రేట్లు పెరుగుతున్నాయని ఇక్కడందరూ భయపెడుతున్నారు. నెలకి ఎంత పక్కన పెట్టుకోవాలి? అందులో పన్నెంత? ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు (ప్లేనో)
తమ్ముడూ, మన ఆంధ్రలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు అభివృద్ధి సెస్సు ఇంకో రూపాయి. శాతం ఉంది కాబట్టి ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఇక్కడ అలా కాదు, గ్యాలన్‌కి (సుమారు 3.8 లీటర్లు) ఇన్ని సెంట్లని ఖాయం చేసేశారు. కేంద్రానిది 18.4 సెంట్లు, 1993 నుంచి కదల్లేదు. టెక్సస్‌ది 20 సెంట్లు, అది 1991 నుంచీ అంతే. రెండూ కలిపి 38.4. గ్యాస్ రెండు డాలర్లున్నా నాలుగు డాలర్లున్నా ఆ అంకె మారదు. రేటు పెరిగిందంటే ముడిచమురు దగ్గరో రిఫైనరీ దగ్గరో కారణం ఉంటుంది. ఏటా ఎండాకాలం ముందు కూడా కొంత పెరుగుతుంది, అప్పుడు రిఫైనరీలు మరమ్మతులు చేసుకుని వేసవి రకం గ్యాస్‌కి మారతాయి.

నీ నెల లెక్క చూద్దాం. 1,000 మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కి 25 మైళ్లిచ్చే కారుకి 40 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 120 డాలర్లు. అందులో పన్ను 15 డాలర్ల 36 సెంట్లు. రేటు అర డాలరు పెరిగితే నీ మీద పడేది నెలకి 20 డాలర్లు. నువ్వు భయపడాల్సింది దీనికి కాదు, టోల్‌కి.

రోడ్ల డబ్బు కేంద్రంలో హైవే ట్రస్ట్ ఫండ్ అని 1956లో పెట్టిన నిధిలోకి వెళ్తుంది. పన్ను పెంచలేదు, రోడ్డు వేసే ఖర్చు పెరిగింది, కార్లు తక్కువ గ్యాస్‌తో ఎక్కువ దూరం పోతున్నాయి. అందుకని 2008 నుంచి ఆ నిధికి మామూలు ఖజానా నుంచి తెచ్చి పోస్తున్నారు. టెక్సస్ 20 సెంట్లలో నాలుగో వంతు బడులకి పోతుంది. ఆ లోటు మన డల్లాస్ చుట్టుపక్కల టోల్ రోడ్ల రూపంలో కనపడుతుంది. పన్ను తక్కువని మురిసిపోవద్దు, ఆ డబ్బు ఇంకో చేత్తో తీసుకుంటారు.

జవాబు (ఫ్రిస్కో)
పై అన్నయ్యగారు చెప్పిందే అంకెల్లో చెబుతాను. ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్‌కి త్వరగా పోవాలంటే 121 టోల్‌వే, జార్జ్ బుష్ టర్న్‌పైక్ లాంటివి ఎక్కాలి. టోల్‌ట్యాగ్ (మన ఫాస్టాగ్ లాంటిది) ఉన్నవాళ్లకే మైలుకి 20 సెంట్ల పైన పడుతుంది. రానూపోనూ 40 మైళ్లు టోల్ మీద నడిపితే రోజుకి 8 డాలర్లు దాటుతుంది. నెలకి 20 రోజులు ఆఫీసుకెళ్తే 160. గ్యాస్ ఖర్చుకంటే అదే ఎక్కువ. ఇల్లు ఒప్పుకోకముందే ఈ 160ని అద్దెలో కలిపి చూసుకోండి. ఇర్వింగ్‌లోనే వ్యాలీ రాంచ్, మెకార్థర్ రోడ్డు వైపు మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. మ్యాప్‌లో ఆఫీసు అడ్రస్ పెట్టి, టోల్ వద్దనే ఆప్షన్ నొక్కి, పొద్దున్న ఎనిమిదింటికి ఎంతసేపు పడుతుందో చూస్తే మీకే తేలుతుంది.

మన కాజ టోల్‌ప్లాజాలో లాగా ఇక్కడ గేటు, బూత్ ఏమీ ఉండవు. కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది. టోల్‌ట్యాగ్ ఉంటే ఖాతాలోంచి పోతుంది, లేకపోతే బాగా ఎక్కువ రేటుతో బిల్లు పోస్టులో, కారు రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రస్‌కి వస్తుంది. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అపార్ట్‌మెంట్ మారి అడ్రస్ మార్చుకోకపోతే బిల్లు పాత ఇంటికి పోతుంది, దాని మీద ఫీజులు పేరుకుంటాయి. ఏడాదిలో కట్టని టోళ్లు 100 దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఆపించే అధికారం కూడా టోల్ సంస్థకుంది. కారు కొన్న రోజే ట్యాగ్ తీసుకుని, ప్లేటు నంబర్ ఖాతాలో ఎక్కించండి. పాత కారు అమ్మేటప్పుడు దాని ప్లేటు నంబర్ ఖాతాలోంచి తీసేయండి, అమ్మినట్టు డీఎంవీకి (ఇక్కడి వాహనాల శాఖ) తెలియజేయండి. మొదటి వారం అద్దె కారులో ఉంటే టోల్ ఎక్కకపోవడమే మేలు. అద్దె కంపెనీ టోల్‌తోపాటు రోజుకింతని తన రుసుము వేస్తుంది.

జవాబు (ఇర్వింగ్)
బంకు దగ్గర మన కుర్రాడెవరూ వచ్చి కొట్టడు బాబూ, మనమే పట్టుకోవాలి. పంపు కార్డు అడుగుతుంది, ఆ తర్వాత జిప్ కోడ్, అంటే ఇక్కడి పిన్‌కోడ్. ఇండియా కార్డుకి జిప్ ఉండదు కాబట్టి చాలాసార్లు తిరస్కరిస్తుంది. లోపలికెళ్లి పంపు నంబరు చెప్పి, ముప్పై డాలర్లకి అని ముందే కట్టేయండి.

డెబిట్ కార్డు పంపు దగ్గర వాడొద్దు. మీరెంత పోయించుకున్నా బ్యాంకు 175 డాలర్ల దాకా ఆపి ఉంచగలదు, అది వదలడానికి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు. మొదటి జీతం రాకముందు ఖాతాలో ఉండేదే కొంచెం, ఆ సమయానికి అద్దె చెక్కు పడితే వెనక్కి తిరుగుతుంది. క్రెడిట్ కార్డు వచ్చేదాకా లోపల కట్టడమే సురక్షితం.

ఆక్టేన్ (పెట్రోలు రకాన్ని చెప్పే అంకె) దగ్గర మనవాళ్లు ఎక్కువమంది పొరబడతారు. ఇండియాలో మొన్నటిదాకా మామూలు పెట్రోలు 91 ఉండేదని విని, ఇక్కడ ఖరీదైన 91 గానీ 93 గానీ నొక్కుతారు. అక్కడి కొలత వేరు, ఇక్కడి కొలత వేరు. అక్కడి 91 ఇక్కడి 87కి దాదాపు సమానం. ట్యాంకు మూత లోపల గానీ మాన్యువల్‌లో గానీ ప్రీమియం ‘రిక్వైర్డ్’ అని ఉంటే తప్ప 87 చాలు. ‘రెకమెండెడ్’ అంటే తప్పనిసరి కాదు. పసుపు రంగు గొట్టం మీద ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) అని ఉంటే ముట్టుకోకండి. అది దానికోసమే తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకి మాత్రమే, కానీ గొట్టం మామూలు ట్యాంకులో పట్టేస్తుంది. డీజిల్ గొట్టం చాలాచోట్ల ఆకుపచ్చగా ఉంటుంది, అయినా రంగు నమ్మకుండా పేరు చదవండి. మూత టిక్కుటిక్కుమనేదాకా తిప్పండి, వదులైతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

కాస్ట్‌కో (సభ్యులకే అమ్మే పెద్ద దుకాణం, బంకు కూడా ఉంటుంది) కార్డు ఏడాదికి 65 డాలర్లు. గ్యాలన్‌కి 20 సెంట్లు తక్కువ దొరికితే నెలకి 40 గ్యాలన్ల మీద 8 డాలర్లు, ఏడాదికి 96. దారిలో ఉంటేనే లాభం. 12 గ్యాలన్లు పట్టుకోవడానికి పనిగట్టుకుని 10 మైళ్లు తిరిగితే మిగిలే 2 డాలర్ల 40 సెంట్లలో సగం దారికే పోతుంది. గ్యాస్‌బడ్డీ యాప్‌లో మీ దారిలో ఏ బంకు చవకో ముందే చూసుకోండి. కొన్ని బంకులు నగదు రేటు పెద్ద అక్షరాల్లో వేస్తాయి, కార్డు గీకితే ఇంకోటి పడుతుంది.

జవాబు (ప్లేనో, మళ్లీ)
ఎలక్ట్రిక్ సంగతి మరిచాను. టెక్సస్‌లో కొత్త ఎలక్ట్రిక్ కారుకి రిజిస్ట్రేషన్‌లో అదనంగా 400 డాలర్లు, ఆ తర్వాత ఏటా 200. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే 25 మైళ్ల కారు రాష్ట్రానికి కట్టే గ్యాస్ పన్ను 96 డాలర్లే. కేంద్రం ఇచ్చే పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ లేకుండా కొనొద్దు, బయట ఛార్జర్ల రేటుకి లాభం కరిగిపోతుంది.

జవాబు (కాలిఫోర్నియా, ఫ్రీమాంట్)
ఇటు బదిలీ అయితే లెక్క మార్చుకోండి. మా రాష్ట్ర పన్ను 2025 జూలై 1న గ్యాలన్‌కి 61.2 సెంట్లైంది, ఏటా జూలై 1న మారుతుంది. ఎలక్ట్రిక్ కారులో ఒంటరిగా కార్‌పూల్ లేన్ (ఇద్దరు ముగ్గురున్న కార్లకి కేటాయించిన వరస) ఎక్కొచ్చని పాత సలహాలు తిరుగుతున్నాయి, ఆ స్టిక్కర్లు చెల్లవిప్పుడు.

జవాబు (న్యూజెర్సీ, ఎడిసన్)
మా దగ్గర మాత్రం మన ఊళ్లోలాగే మనిషొచ్చి పోస్తాడు, 1949 నుంచీ అదే చట్టం. కారు దిగకుండా ‘రెగ్యులర్’ అని చెప్పండి చాలు.

ప్రశ్నించినవారు
చాలా థ్యాంక్సండీ. ఇర్వింగ్‌లోనే ఇల్లు చూస్తాను. పాత కారు కొంటే గ్యాస్ ఎక్కువ తాగకుండా మొదట ఏం చూసుకోవాలి?

జవాబు (ఇర్వింగ్)
టైర్లలో గాలి. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో రాసిన అంకె వరకే కొట్టించండి. టైరు మీద ముద్రించింది గరిష్ఠం, అది కాదు. పొద్దున్న బండి కదలకముందు కొలవాలి, నడిపాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే గాలి సుమారు ఒక పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) పడిపోతుంది. నువ్వు నవంబరులో దిగుతున్నావు కాబట్టి వచ్చిన వారంలోనే ఒకసారి చూసుకో. డిస్కౌంట్ టైర్ షాపుల్లో గాలి ఉచితంగానే పెడతారు.