తొలి కథల పుస్తకం డిసెంబర్ బుక్ ఫెయిర్‌కి తేవాలి, ముందు ఏం చేయాలి?

కథల_సంచి:
13 కథలు, చాలావరకు పత్రికల్లో వచ్చినవే. సొంతంగా 500 కాపీలు వేస్తున్నాను, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి అందాలని ఆశ. డిటిపి (కంప్యూటర్లో పేజీలు కట్టడం) నడుస్తోంది, కవర్ ఇంకా కాలేదు, ముందుమాట రాస్తానన్న పెద్దాయన పండగ తర్వాత చూద్దాం అన్నారు (ఏ పండగో చెప్పలేదు). ఈలోపు ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలుపెట్టమని ఫ్రెండ్స్ ఒకటే పోరు. ప్రీ ఆర్డర్లు ఇప్పుడే పెట్టనా? ఆవిష్కరణ సభ తప్పదా? ఐఎస్‌బిఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) తెప్పిస్తానని ఒకాయన మూడు వేలు అడుగుతున్నాడు, ఇవ్వచ్చా?

ప్రూఫు_కళ్లద్దాలు:
ఆ మూడు వేలు జేబులోనే ఉంచుకోండి. మన దేశంలో ఐఎస్‌బిఎన్ ఉచితం, కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, రచయితే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. రేపటికల్లా వచ్చేది కాదు కాబట్టి ఇవాళే పెట్టండి.

ప్రచారం సరే గానీ, డిటిపి అనులోనా (ప్రెస్సుల్లో వాడే తెలుగు టైపు సాఫ్ట్‌వేర్), ఫోన్లలో వాడే యూనికోడ్‌లోనా? మీరు ఫోన్‌లో టైపు చేసిన కథల్ని వాళ్లు అనులోకి మారుస్తుంటే, ఇంట్లో ఎన్నిసార్లు దిద్దుకున్నా తప్పులు మళ్లీ ఆ మార్పిడిలో పడతాయి. ‘బస్‌లో’ అని మీరు విడిగా రాసింది ‘బస్లో’ అయిపోయి స కింద ల వత్తు వేలాడుతుంది, పేజీకి నాలుగు ఇలాంటివి ఉంటే పాఠకుడికి చిరాకు. చివరి పిడిఎఫ్‌ని కాగితం మీద ప్రింటు తీసి, ఈ కథలు ఇంతకుముందు చదవని మనిషి చేత చదివించండి, మీ కళ్లకి అవి కనపడవు. దిద్దినవన్నీ యూనికోడ్ కాపీలో కూడా దిద్దుకోండి, ఎందుకంటే అను ఫైల్లోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో పెడితే పిచ్చి గీతలే వస్తాయి. పేజీలు 16తో భాగించేలా చూడండి, 130 వస్తే రెండు తగ్గించి 128 చేయమనండి. పేజీలు తేలాకే వెన్ను మందం తెలుస్తుంది, అప్పుడే కవర్ ఫైనల్.

బెజవాడ_పాఠకుడు:
ప్రీ ఆర్డర్లు పెట్టండి, కానీ ఫైలు ప్రెస్సుకి వెళ్లాకే. కవర్ పెట్టి ‘త్వరలో’ అని నెలలకొద్దీ ఊరిస్తే, పుస్తకం వచ్చేసరికి జనం ఆల్రెడీ వచ్చేసిందనుకుంటారు. ఒక గూగుల్ ఫారం, యూపీఐ నంబరు, పిన్‌కోడ్‌తో అడ్రసు, అంతే. పోస్టేజీ ముందే లెక్కేసుకోండి. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌లో తీసేశారు, 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. డెమీ సైజు (మామూలు కథల పుస్తకం సైజు) 128 పేజీలు ప్యాకింగుతో కలిపినా అందులోకి వస్తుంది. ఆ రేటుకి పంపాలంటే ప్రెస్సు పేరో ప్రచురణకర్త పేరో పుస్తకంలో ఉండాలి. కథలకి ఈ రేటు ఇస్తారా లేదా మీ పోస్టాఫీసులో ఒకసారి అడగండి, కౌంటర్లో వాళ్లతో వాదన మనవల్ల కాదు.

మేడమీద_అరుగు:
సభ వద్దనే అంటాను. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు, ఆపైన పుస్తకం తెరవని వక్తలు అట్ట మెచ్చుకుని వెళ్లిపోతారు. ఆ డబ్బుతో సమీక్షలకి కాపీలు పంపండి, ఆదివారం అనుబంధాల వాళ్లు మామూలుగా రెండేసి అడుగుతారు. ప్రెస్సుకి వెళ్లేముందే మీ కథలు ఇష్టపడే ఐదారుగురికి పిడిఎఫ్ ఇచ్చి, పుస్తకం వచ్చిన వారంలో నాలుగు ముక్కలు రాయమని అడగండి. పొగడమని మాత్రం అడక్కండి. బుక్ ఫెయిర్‌లో స్టాల్ మీరే తీసుకోనక్కర్లేదు, పంపిణీదారుల స్టాల్లో పెట్టించండి. 40 శాతం దాకా కమిషన్ అడుగుతారు, ధర వేసేముందే అది కలుపుకోండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, కాస్త ఆలస్యమైనా కొంప మునగదు.

కథల_సంచి:
ఐఎస్‌బిఎన్ అప్లై చేశాను, థాంక్సండీ. మరి ముందుమాట?

ప్రూఫు_కళ్లద్దాలు:
పెద్దాయనకి తేదీ చెప్పండి. అప్పటికి రాకపోతే ఆ ముందుమాటేదో మీరే రాసుకోండి.